డీజిల్ లారీ - ఇంధన పొదుపు చరిత్ర

బరువు నింపుకొని పోయే లారీ యజమాని ప్రతి సాయంకాలము వేసే లెక్క ఒకటే: ఎన్ని లీటర్ల డీజిలు పోసినాము, బండి ఎన్ని కిలోమీటర్లు నడిచినది? ఈ లెక్కను మెరుగుపరచే సాధనములు నేడు అంగళ్ళలో దొరుకుతున్నవి. ఇంజను కంప్యూటరుకు తగిలించే చిన్న పెట్టెలు అందులో ఒక రకము. వీటిని పెట్టుకొంటే బలమూ పెరుగుతుంది, మైలేజీ కూడ పెరుగుతుంది అని అమ్మేవారు చెబుతారు. అందులో నిజమెంత? దీనికి జవాబు డీజిల్ ఇంజను చరిత్రలోనే ఉన్నది. ఏలయన ఈ ఇంజను పుట్టినదే ఇంధన పొదుపు కొరకు.

ఉష్ణమును పనిగా మార్చే యంత్రము ఎంత పని చేయగలదన్నది అది ఎంత వేడి వద్ద ఉష్ణమును గ్రహించి, ఎంత చల్లదనము వద్ద విడుస్తుందనే దానిపై ఆధారపడి ఉంటుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాదీ కార్నో 1824లో నిరూపించినాడు. ఆ శతాబ్దము చివరనాటికి కూడ ఆవిరి యంత్రములు బొగ్గులోని ఉష్ణములో సుమారు పదవ వంతును మాత్రమే పనిగా మార్చగలుగుతూ ఉండేవి. మ్యూనిక్ నగరములో ఈ సంగతిని ఆచార్యుడు కార్ల్ ఫాన్ లిండె పాఠముగా చెప్పుచుండగా విన్న విద్యార్థులలో రుడాల్ఫ్ డీజిల్ ఒకడు. అతడు 1858లో పారిస్‌లో జన్మించినాడు. తొమ్మిది వంతులు వృథా అవుతున్నవన్న మాట అతనిని వదలలేదు.

గాలిని బలముగా నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగమును తాకి చూచిన ప్రతి విద్యార్థికీ ఇది తెలుసు. సిలిండరులో గాలిని చాల ఎక్కువగా నొక్కి, ఆ వేడిలోనికి ఇంధనమును చిమ్మితే, నిప్పురవ్వ అవసరము లేకుండానే అది మండుతుంది. పైగా గాలిని ఎక్కువగా నొక్కిన కొద్దీ, మండిన వాయువులు వ్యాకోచించే అవకాశము పెరిగి, ఎక్కువ ఉష్ణము పనిగా మారుతుంది. ఈ భావనకు డీజిల్ 1892లో పేటెంటు కోరినాడు. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ కర్మాగారములో జరిగిన మొదటి ప్రయోగములో పీడనము కొలిచే పరికరము పేలిపోయినది. అయినను పని ఆగలేదు. 1897 ఫిబ్రవరి 17న ఆచార్యుడు ష్రోటర్ జరిపిన పరీక్షలో ఇంజను దక్షత 26.2 శాతముగా తేలినది. అంటే అప్పటి ఆవిరి యంత్రముల కంటె రెండు రెట్లకు మించి.

అయితే ఆ ఇంజను లారీలో ఎక్కేటంత తేలికయినది కాదు. ఇంధనమును సిలిండరులోనికి చిమ్మడానికి ఇంకా ఎక్కువ పీడనము గల గాలి కావలసి వచ్చేది. ఆ గాలి కొరకు ఒక పెద్ద కంప్రెసరు ఉండవలెను. అందుచేత డీజిల్ ఇంజనులు మొదట కర్మాగారములకు, ఓడలకు పరిమితమయినవి. 1913లో డీజిల్ ఇంగ్లండుకు ఓడలో పోతూ మరణించినాడు. తన ఇంజను లారీలను నడపడము అతడు చూడలేదు.

చిక్కుముడి విప్పినది చిమ్మే పద్ధతిలో వచ్చిన మార్పు. బెంజ్ సంస్థలో ప్రాస్పర్ లోరాంజ్ 1909లో పూర్వదహన గదికి పేటెంటు పొందినాడు. 1920 తరువాత గాలి సహాయము లేకుండ, ద్రవమునే ఒత్తి చిమ్మే పంపుల కొరకు పలువురు కృషి చేసినారు. 1924లో జర్మనీలో డీజిల్ లారీలు ప్రజలముందుకు వచ్చినవి. రాబర్ట్ బాష్ సంస్థ 1922లో ఆరంభించిన పంపు కృషి 1927లో పెద్దయెత్తు ఉత్పత్తిగా ఫలించినది. ఆ పంపులే డీజిల్ ఇంజనును రోడ్డు మీదికి తెచ్చినవని చెప్పవచ్చును.

ఆ పంపు చేయవలసిన పని ఎంత సున్నితమయినదో ఒక లెక్కవల్ల తెలుస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ గంటకు 30 లీటర్ల డీజిలు కాలుస్తున్నదనుకొందము. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి ఇంధనము పుచ్చుకొంటుంది. కనుక నిమిషానికి మొత్తము 6000 చిమ్ములు. నిమిషానికి ఖర్చయ్యేది అర లీటరు. ఒక్కొక్క చిమ్ముకు వచ్చేది 83 ఘన మిల్లీమీటర్లు; అనగా రెండు బొట్లకంటె తక్కువ. ఇంజను ఆ వేగములో ఒక డిగ్రీ తిరగడానికి పట్టే కాలము సెకనులో పన్నెండువేలవ వంతు. ఇంత కొద్ది ఇంధనమును ఇంత కచ్చితముగా, అన్ని సిలిండర్లకూ సమానముగా అందించవలెను.

ఈ పంపుకు రెండు ముఖ్యమయిన సర్దుబాట్లు కలవు. మొదటిది పరిమాణము: ఒక్కొక్క చిమ్ములో ఎంత ఇంధనము? రెండవది సమయము: పిస్టను పైకొసకు చేరుటకు ఎన్ని డిగ్రీలు ముందుగా చిమ్మవలెను? ఇంధనము అంటుకొని మండుటకు కొంత వ్యవధి పడుతుంది కనుక ముందుగానే చిమ్మవలసి ఉంటుంది. మరీ ఆలస్యముగా చిమ్మితే పిస్టను దిగిపోతుండగా మంట కొనసాగి, ఉష్ణము పని చేయకుండానే పొగగొట్టము గుండా పోతుంది. తగినంత ముందుగా చిమ్మితే పీడనము సరయిన క్షణములో పెరిగి, అదే ఇంధనముతో ఎక్కువ పని లభిస్తుంది. పరిమాణమును ఊరక పెంచితే మాత్రము లాభము లేదు. గాలి చాలనపుడు అదనపు ఇంధనము సగము కాలి నల్లని పొగ అవుతుంది. ఆ పొగ, డబ్బు ఇచ్చి కొన్న డీజిలే.

మన దేశములో 1951లో బెంగుళూరున స్థాపితమయిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ డీజిల్ పంపు పరికరములను తయారు చేసినది. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడిస్ లారీల ఉత్పత్తి మొదలయినది. అప్పటినుండి పంపును బల్లపై బిగించి, ఒక్కొక్క గొట్టమునుండి వచ్చే నూనెను గాజు గొట్టములలో కొలిచి సరిచేసే పంపు మెకానికులు ఒక ప్రత్యేక వర్గముగా ఏర్పడినారు. నాజిలు అరిగిన లారీకి వారు చేసే మరమ్మతు నిజమయిన పొదుపు. కాని సీలు విప్పి స్క్రూ తిప్పి ఎక్కువ నూనె వదలడము కూడ అప్పటినుండి ఉన్నదే. నేటి ట్యూనింగు పెట్టె ఆ స్క్రూకు వారసురాలు.

గాలి కొరత తీర్చినది టర్బోచార్జరు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు పొందినాడు. పొగగొట్టమునకు పోయే వాయువులతో ఒక చక్రమును తిప్పి, దానితో ఇంజనుకు ఎక్కువ గాలి అందించుట దీని సూత్రము. వోల్వో 1954లో టర్బో లారీని విడుదల చేసినది. 1973లో చమురు సంక్షోభము వచ్చి ధరలు కొద్ది నెలలలో సుమారు నాలుగు రెట్లయినపుడు, ఇంధన పొదుపు ప్రతి దేశానికీ అత్యవసరమయినది. 1987లో అమెరికాలో డెట్రాయిట్ డీజిల్ సంస్థ ఎలక్ట్రానిక్ నియంత్రణ గల లారీ ఇంజనును ప్రవేశపెట్టినది. స్క్రూ, స్ప్రింగు చేసే పనిని కంప్యూటరులోని అంకెల పట్టికలు చేయసాగినవి. 1995 తరువాత కామన్ రైలు పద్ధతి వచ్చి, ఒకే గొట్టములో వేయి వాతావరణములకు మించిన పీడనముతో ఇంధనమును నిలువచేసి, కోరిన క్షణమున వదలుట సాధ్యమయినది.

ఇక్కడే అసలు చిక్కు బయలుదేరినది. ముందుగా చిమ్మితే ఇంధనము ఆదా అవుతుంది; కాని మంట వేడి పెరిగి, గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి నత్రజని ఆక్సైడులు ఎక్కువగా పుడతవి. ఇవి ఊపిరితిత్తులకు హాని చేస్తవి, నగరములపై పొగమంచును కల్పిస్తవి. ఆలస్యముగా చిమ్మితే ఇవి తగ్గుతవి, ఇంధనము ఎక్కువవుతుంది. యజమాని జేబుకూ, దారి పక్కన పీల్చేవారి ఊపిరికీ మధ్య తక్కెడ కొన్ని డిగ్రీల మీద నిలిచినది.

ఆ తక్కెడను రహస్యముగా ఒకవైపు మొగ్గించిన ఉదంతము 1998లో బయటపడినది. పరీక్షలో నియమములకు లోబడి, రహదారిపై నిలకడగా పోయేటపుడు మాత్రము ఇంధనము ఆదా చేసే సమయమునకు మారేటట్లు కంప్యూటర్లను రూపొందించినారని అమెరికా ప్రభుత్వము ఏడు పెద్ద ఇంజను సంస్థలపై ఆరోపించినది. అవి 13 లక్షల ఇంజనులు. నత్రజని ఆక్సైడులు పరిమితికి మూడు రెట్ల వరకు వెలువడినవని అధికారులు చెప్పినారు. సంస్థలు 8 కోట్ల 34 లక్షల డాలర్ల జరిమానా చెల్లించుటకు ఒప్పుకొన్నవి. తరువాత 2020లో అదే దేశపు పర్యావరణ సంస్థ, సుమారు పదేళ్ళలో అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్ బండ్లలో శుద్ధి పరికరములను తొలగించినట్లు అంచనా వేసినది. ఆ పనికి తోడ్పడినవి ట్యూనింగు సాధనములే.

మరి పెట్టె ఏమి చేస్తుంది? సాధారణమయిన రకము రైలు పీడనము కొలిచే సెన్సారుకూ కంప్యూటరుకూ మధ్య కూర్చొని, ఉన్నదానికంటె తక్కువ పీడనము ఉన్నట్లు చెబుతుంది. కంప్యూటరు నమ్మి పీడనము పెంచుతుంది. ఎక్కువ ఇంధనము పోతుంది. బలము పెరుగుతుంది. ఆ బలముతో డ్రైవరు పై గేరులో, తక్కువ చుట్లతో నడిపితే కొంత పొదుపు కలుగవచ్చును. అదే బలముతో వేగము పెంచితే పొదుపు పోయి నష్టము వస్తుంది. గాలి నిరోధము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగుతుంది గదా! పైగా పీడనము, వేడి పెరిగిన కొద్దీ టర్బోకూ పిస్టనులకూ ఆయువు తగ్గుతుంది. కంప్యూటరులోని పట్టికలనే మార్చే పద్ధతి సమయమును కూడ మార్చగలదు కనుక నిజముగా ఆదా చేయవచ్చును. అయితే ఆ ఆదాకు మూల్యము తరచు ఇతరుల ఊపిరి. మన దేశములో 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన లక్షణములకు విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధిస్తున్నది.

తక్కెడకు మూడవ దారి రసాయనశాస్త్రము చూపినది. ఇంజనును పొదుపుగా నడవనిచ్చి, పొగగొట్టములో యూరియా ద్రావణమును చల్లి, ఉత్ప్రేరకము సహాయముతో నత్రజని ఆక్సైడులను తిరిగి నత్రజనిగా, నీటిగా మార్చే పద్ధతి అది. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమంతట అమలులోకి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణములను భారీ లారీలు అందుకొన్నది దీని తోడ్పాటుతోనే. ఆ ద్రావణము పోయకుండ కంప్యూటరును మోసగించుట, రెండు మేళ్ళలో ఒకదానిని పారవేయుటయే.

పొదుపును నమ్ముటకు ముందు కొలవవలెను. అదే దారి, అదే బరువు, టైర్లలో అదే గాలి; ట్యాంకు నిండుగా బయలుదేరి తిరిగి నింపి చూచుట; పెట్టె ఉంచి కొన్నిసార్లు, తీసి కొన్నిసార్లు. విడివిడి ప్రయాణముల మధ్య తేడాయే అయిదు శాతముంటే, మూడు శాతము లాభమన్న మాటకు విలువ లేదు. నిజమయిన పొదుపు మాత్రము చిన్నదయినను చిన్నది కాదు. రోజుకు 300 కిలోమీటర్లు నడిచే లారీ లీటరుకు 4 బదులు 4.2 కిలోమీటర్లు ఇస్తే, 300 రోజులలో వేయి లీటర్లకు పైగా మిగులుతుంది. రెండున్నర టన్నులకు మించిన బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియకుండ ఆగుతుంది.

1897లో 26 శాతముగా ఉన్న దక్షతను చైనాలోని వైచాయ్ సంస్థ 2020లో లారీ ఇంజనులో 50 శాతము దాటించినది. నూట ఇరువది మూడేండ్లలో సాధించినది రెండింతలు. ఆ పెరుగుదల అంతయు గాలి, పీడనము, సమయము, కొలత అనే వాటిపై ఓపికతో చేసిన కృషి ఫలితము. ఇంధనములోని మిగిలిన సగము ఇప్పటికీ పొగగొట్టము, రేడియేటరుల గుండా వేడిగా పోతూనే ఉన్నది.