ఫారెస్ట్ గంప్ రోడ్డు వెనకాల ఉన్న అసలు కథ

నిటారుగా సాగిపోయే తారు రోడ్డు, దాని చివర ఆకాశాన్ని తాకే ఎర్రటి రాతి స్తంభాలు. ఈ ఫోటో మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి కనబడే ఉంటుంది. అది అమెరికాలో యూటా, అరిజోనా సరిహద్దు దగ్గర ఉన్న హైవే 163. 1994లో వచ్చిన ఫారెస్ట్ గంప్ సినిమాలో హీరో పరుగు ఆపేసింది అక్కడే. అమెరికాలో ఉండే మన తెలుగువాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే లాస్ వెగాస్‌లో కారు తీసుకుని హార్స్‌షూ బెండ్, యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ చుట్టి వస్తారు. నేనూ ఆ రూట్‌లోనే వెళ్లాను. కానీ ఈ ఎపిసోడ్ ఎక్కడ ఆగాలి, ఏం తినాలి అన్నదాని గురించి కాదు. ఈ నేల ఎవరిది అన్నదాని గురించి.

ముందు పేజ్ అనే ఊరితో మొదలుపెడదాం. హార్స్‌షూ బెండ్ చూడాలంటే దిగేది ఇక్కడే. 1957కి ముందు ఈ ఊరు లేదు. కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ డ్యామ్ కట్టే కార్మికుల కోసం పుట్టింది. ఆ భూమి నవహో ప్రజలది. వాళ్లకి యూటాలో వేరే భూమి ఇచ్చి దీన్ని తీసుకున్నారు.

వేసవిలో పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్తుంటే ఫోన్‌లో టైమ్ గంట ముందుకు జరుగుతుంది. ఫోన్ పాడవలేదు. అరిజోనా వేసవిలో గడియారం మార్చదు, నవహో నేషన్ మారుస్తుంది. అంటే మనం ఇంకో ప్రభుత్వం నడిచే చోటికి వచ్చామన్నమాట. వాళ్లకి సొంత అధ్యక్షుడు, సొంత పోలీసు, సొంత కోర్టులు ఉన్నాయి. విస్తీర్ణం దాదాపు 70 వేల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో సగం కంటే ఎక్కువే. తమని తాము వాళ్లు 'డినే' అని పిలుచుకుంటారు.

ఈ నేల వాళ్ల చేతిలో ఎలా నిలిచింది? ఇక్కడే అసలు విషయం ఉంది. 1863-64లో అమెరికా సైన్యం కిట్ కార్సన్ నాయకత్వంలో వీళ్ల మీదికి వచ్చింది. యుద్ధం కన్నా ఆకలినే ఆయుధంగా వాడింది. మొక్కజొన్న చేలు తగలబెట్టారు, గొర్రెల్ని చంపారు, కాన్యన్ డి షే లోయలో పీచ్ తోటలు నరికేశారు. తిండి లేక జనం లొంగిపోయారు. 8 వేల మందికి పైగా జనాన్ని న్యూ మెక్సికోలోని బోస్కే రెడోండో అనే చోటికి నడిపించారు. దారిలో వందల మంది చనిపోయారు. దీన్నే 'లాంగ్ వాక్' అంటారు. కొందరు మాత్రం దొరక్కుండా రాళ్ల మధ్య దాక్కున్నారు.

ఆ శిబిరంలో నీళ్లు ఉప్పన, పంటకి పురుగు, చలికి కట్టెలు లేవు. నాలుగేళ్లు అలాగే గడిచాయి. 1868లో జనరల్ షెర్మన్ చర్చలకి వచ్చాడు. వేరే ప్రాంతానికి పంపిస్తానన్నాడు. నవహోల తరఫున మాట్లాడిన బార్బొన్సీటో ఒప్పుకోలేదు. మా ఊరికే పోతాం అన్నది ఆయన పట్టు. జూన్ 1న ఒప్పందం అయింది, వాళ్లు తిరిగి నడిచి ఇంటికొచ్చారు. తరిమేసిన ఆదివాసులు సొంత నేలకి తిరిగి రావడం అమెరికా చరిత్రలో చాలా అరుదు. మొదట దక్కింది కొంత భాగమే. తర్వాతి దశాబ్దాల్లో అది పెరిగింది.

మరి మన కళ్లకి ఈ చోటు ఎలా తెలిసింది? సినిమాల వల్ల. 1939లో జాన్ ఫోర్డ్ తీసిన స్టేజ్‌కోచ్‌తో మాన్యుమెంట్ వ్యాలీ ప్రపంచానికి పరిచయమైంది. అందులో స్థానిక నవహోలతో దాడి చేసే అపాచీల వేషం వేయించారు. తర్వాత ఇదే నేలలో యురేనియం తవ్వారు. దాని ప్రమాదం గురించి కూలీలకి సరిగ్గా చెప్పలేదు. మూతపడిన గనులు నవహో నేల మీద ఇప్పటికీ 500కి పైగా ఉన్నాయి.

1958లో నవహోలే మాన్యుమెంట్ వ్యాలీని తమ పార్కుగా ప్రకటించారు. గేటు దగ్గర మనం కట్టే డబ్బు వాళ్లకే వెళ్తుంది. యాంటిలోప్ కాన్యన్‌లోకి గైడ్ లేకుండా పంపరు. చాలామంది దీన్ని డబ్బుల కోసమే అనుకుంటారు. కానీ 1997 ఆగస్టులో ఎక్కడో దూరంగా కురిసిన వానకి ఆ ఇరుకు సందులోకి వరద దూసుకొచ్చి 11 మంది టూరిస్టులు చనిపోయారు.

కాబట్టి మీరు వెళ్తే డ్రోన్ తీసుకెళ్లకండి, అక్కడ నిషేధం. అడక్కుండా మనుషుల ఫోటోలు తీయకండి. ఫోటో పోస్ట్ చేసేటప్పుడు లొకేషన్ దగ్గర 'నవహో నేషన్' అని కూడా రాయండి. ఆ పేరు అక్కడ మిగలడానికి వాళ్లు నాలుగేళ్లు శిబిరంలో బతికి, మళ్లీ వెనక్కి నడిచొచ్చారు.