పద్దు మూసిన కొట్టువాడు



తోటలలో మన పెద్దలకు కొట్టు పద్దనిన నెంత భయమో మీరెరుగుదురు. వెల తెలియకయే అరువు తెచ్చుకొని, జీతమునాడు లెక్క చూచి కన్నీరు విడిచిన యిండ్లనేకములు. కావున ఆ పద్దునే మూసివేసిన యొక కొట్టువాని కుటుంబ చరిత్రను వ్రాయుచున్నాను.

తిమోతి ఈటన్ 1834లో ఐర్లండు ఉత్తర భాగమున, బల్లీమీనా పట్టణమునకు సమీపమున, సేద్యగాండ్ర యింట జన్మించెను. ఆయన పుట్టుటకు ముందే తండ్రి మరణించెను. తల్లియే బిడ్డలను పెంచెను. పదుమూడవ యేట ఆయనను పని నేర్చుకొనుటకై యొక కొట్టులో నుంచిరి. ఆ కాలముననే, 1845 మొదలుకొని, ఉర్లగడ్డ పైరు తెగులుచేత చెడి ఆ దేశమున ఘోరమైన కరవు కలిగెను. సుమారు పది లక్షల మంది చనిపోయిరి. మరి లక్షలాది జనులు ఓడలెక్కిరి.

1854లో తిమోతియు, అప్పటికే అన్నలు చేరియున్న కెనడాకు వెళ్లెను. అది అప్పుడు ఆంగ్లేయుల వలసరాజ్యము. అన్నయగు జేమ్సుతో కలిసి పల్లెలలో వ్యాపారము చేసెను. అచ్చటి రైతులు అరువు పుచ్చుకొని, పంట చేతికి వచ్చినప్పుడు ధాన్యము, వెన్న, గ్రుడ్లు ఇచ్చి తీర్చుచుండిరి. అరువు తీర్చనివారి నష్టము తీర్చువారి వెలలో చేరునని ఆయన గ్రహించెను.

1869లో టొరంటో నగరపు యంగ్ వీధిలో కొట్టు తెరచి, అరువు లేదు, బేరము లేదు, అందరికి నొకటే వెల యని నిర్ణయించెను. సరుకు నచ్చనియెడల సొమ్ము మరల నిచ్చుచుండెను. 1884లో సరుకుల పట్టీని అచ్చువేయించి దూర గ్రామములకును పంపసాగెను. మెథడిస్టు సంఘస్థుడగుటచే పొగాకు అమ్మలేదు. ఆదివారమున కొట్టు కిటికీలకు తెరలు వేయించెను.

ఆయన 1907లో మరణింపగా కుమారుడు జాన్ క్రెయిగ్ యజమాని యయ్యెను. 1912లో వారి బట్టల కర్మాగారమున, కూలి పెంచకయే పని పెంచిరని సుమారు వెయ్యి మంది పని మానిరి. వారిలో పెక్కుమంది వలసవచ్చిన యూదులు. నెలలకొలది కష్టపడినను వారి మొఱ నెగ్గలేదు. ఓడ దిగి వచ్చినవాని కుమారుడే ఓడ దిగి వచ్చినవారి మొఱ ఆలకింపడాయెను! 1999లో ఆ వ్యాపార సంస్థయు దివాలా తీసెను.

ఈటన్ వెలను అందరియెదుట పెట్టుట మేలే. మనమును అరువు మాని, వెల యడిగి, లెక్క వ్రాసికొనుట నేర్వవలెను. అయితే కొనువానికి న్యాయమైన వెల యెంత యవసరమో, కుట్టువానికి న్యాయమైన కూలియు నంత యవసరము. త్రాసునకు రెండు తట్టలు గలవని మరువకుడి.

ఇట్లు,
మీ బడి ఉపదేశి