పుస్తెలు జప్తు కావు

ఎలాంటి ఊళ్ళో కాపురం ఉండాలో చెబుతూ సుమతీ శతకకారుడు మొట్టమొదట పేర్కొన్నది అప్పిచ్చేవాణ్ణి. వైద్యుడూ, ఏరూ ఆ తర్వాతే! అప్పు పుట్టే ఊరు సరే. తీసుకున్న అప్పు తీరని రోజున ఎవరి గుమ్మం ఎక్కాలో మాత్రం ఆయన చెప్పలేదు. మన పెద్దవాళ్ళూ చెప్పలేదు. "గుట్టుగా ఉండు, నలుగురిలో అల్లరి కాకు" అన్నారంతే. ఆ గుట్టు ఎందరు ఇల్లాళ్ళను నూతిపాలు చేసిందో!

నిజానికి అప్పులపాలైన వాడికి కాస్త ఊపిరాడనివ్వాలన్న ఆలోచన ఈనాటిది కాదు. ఒకేసారి వసూలు చేసే మొత్తం అసలుకు రెట్టింపు మించరాదని మనువే అన్నాడు. చక్రవడ్డీ తిరగడం మొదలయ్యాక ఆ మాట ఎవరికి గుర్తుంటుంది?

మళ్ళీ గుర్తుచేసినది రాజాజీ. 1930 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. పంటంతా అమ్మినా వడ్డీకే చాలని రోజులు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోవి. ఆయన ప్రభుత్వం 1938లో రైతు ఋణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన బాకీలయితే, 1937 అక్టోబరు 1 నాటికి నిలవున్న వడ్డీ అంతా రద్దు. అసలుకు రెట్టింపు అప్పటికే ముట్టి ఉంటే బాకీయే రద్దు!

షావుకార్ల సంగతి అలా ఉంచండి. భర్త పోయి, ఉన్న రెండువేలూ ఏ రైతుకో వడ్డీకిచ్చి, ఆ వడ్డీతోనే రెండుపూటలా గడుపుకునే ఆడవాళ్ళ మాటేమిటి? అదీ ఆలోచించారు. వేరే ఆస్తి ఏమీ లేని స్త్రీకి రావలసిన బాకీ, అసలు మూడువేలు మించకపోతే, ఈ చట్టం కిందికి రాదని అందులోనే రాశారు. రాసినవారెవరోగాని సంసారం తెలిసిన మనిషి!

రైతుకాని వాళ్ళకో? డిక్రీ పట్టుకుని అమీనా గుమ్మంలోకి వస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. కాని 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు అతని చేతులూ కట్టేసింది. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు ముట్టుకోరాదు. మతాచారం ప్రకారం స్త్రీ ఒంటిమీంచి తియ్యకూడని నగలూ అంతే. పుస్తెలు జప్తు కావన్నమాట. చేతులారా మనమే తీసుకెళ్ళి తాకట్టు కొట్లో పెట్టినవాటిని మాత్రం ఆ సెక్షను కాపాడదు, అది వేరే కథ.

డబ్బు డిక్రీ కోసం ఆడవాళ్ళను సివిలు జైల్లో పెట్టరాదనీ ఆ కోడే అంటుంది. మగవాణ్ణి పెట్టించాలంటే అతని తిండి ఖర్చు అప్పిచ్చినవాడే కోర్టులో కట్టాలి! బాకీ రాకపోగా ఎదురు భోజనం పెట్టాలన్నమాట. ఆ జైలుకైనా లేనివాణ్ణీ, ఉండి ఎగవేసేవాణ్ణీ ఒకే గాట కట్టరాదని 1980లో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ నోట చెప్పించింది.

"ఐ.పి. పెట్టాడట" అని మనం గొంతు తగ్గించి చెప్పుకుంటాం, అదేదో అంటురోగమైనట్టు. 1920 నాటి దివాలా చట్టం కింద వేసే అర్జీ అది. ఉన్నదేదో కోర్టుకు చూపిస్తే రిసీవరు దాన్ని బాకీదార్లందరికీ వంతులవారీగా పంచుతాడు. రోజుకొకడు వచ్చి గుమ్మంలో కూర్చోవడం తప్పుతుంది. ఉన్నది బినామీ పేర్లకు మార్చేసి అర్జీ పెట్టినవాళ్ళ మూలంగా ఆ మాటకు చెడ్డపేరు వచ్చింది గాని, నిజంగా చితికిపోయినవాడికి అదొక దారి.

వకీలు ఫీజుకు డబ్బేదీ అంటారా? 1987లో వచ్చిన న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయం ఎంతని అడగరు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది. తెల్లకాగితం మీద రాసిస్తే వకీల్ని వాళ్ళే పెడతారు. రాయడం రాకపోతే నోటితో చెప్పినా రాసుకుంటారు.