పెంపుడు బాతు: ఈకలు, మంద సమస్యలు

మస్కోవీని మినహాయిస్తే పెంపుడు బాతులన్నిటికీ మూలం మల్లార్డ్ అనే అడవి బాతు. ఈకల బిగువైన అల్లికే బాతును నీళ్లలో తడవకుండా కాపాడుతుంది. తోక మొదట్లోని గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఒళ్లంతా పూసుకుంటూ, బాతు రోజూ ఆ అల్లికను సరిచేసుకుంటుంది. తల మునిగేంత నీళ్లు లేకపోయినా, పాక మురికిగా ఉన్నా ఈ పని సాగదు. ఈకలు తడిసి ముద్దయిన బాతు చలికి వణుకుతుంది, ఈదలేక మునిగిపోవచ్చు కూడా. అది కోలుకునే దాకా పొడి గడ్డి మీద ఉంచి, ముక్కూ కళ్లూ కడుక్కోవడానికి లోతైన గిన్నెలో నీళ్లు పెట్టాలి.

ఏటా ఈకలు రాల్చడం జబ్బు కాదు. అప్పుడు గుడ్లు తగ్గుతాయి. కొత్త ఈకల కాడల్లో నెత్తురు ఉంటుంది కనుక బాతును ఊరికే పట్టుకోకూడదు. ఈక ప్రధానంగా మాంసకృత్తులతో తయారవుతుంది కాబట్టి మేతలో అవి పెంచాలి.

ఆడబాతుకు మెడ వెనక మాత్రమే బోడి అయితే కారణం దాదాపుగా మగబాతే. జత కట్టేటప్పుడు అది అక్కడే ముక్కుతో పట్టుకుంటుంది. ఒక మగదానికి నాలుగైదు ఆడవైనా ఉండాలి, లేకుంటే గాయాలవుతాయి. మగవాటిని వెంటనే వేరుచేయడమే సరైన మందు. ఆడవి కంటపడకపోతే మగవి తమలో తాము చాలావరకు సర్దుకుపోతాయి. గాయపడ్డ బాతును కూడా పూర్తిగా ఒంటరిని చేయకూడదు, అది దిగులుపడుతుంది. వల అవతల తోడు కనిపిస్తూ ఉండాలి. కొత్త బాతును మందలో కలిపేముందూ ఇదే పద్ధతి.