ఇస్లామీయ శ్రమనీతి

ఇస్లామీయ శ్రమనీతి అనగా పని, కూలి, యజమానికీ పనివారికీ మధ్య సంబంధాల గురించి ఖురాన్, హదీసులు, ధర్మశాస్త్ర గ్రంథాలు నిర్దేశించిన నియమాల సముదాయం. ఈ దృష్టిలో వ్యాపారం ఆరాధనకు వెలుపలిది కాదు. పనివానికి చెందవలసినది ఇవ్వకపోవడం దైవసన్నిధిలో జవాబు చెప్పుకోవలసిన దోషం. నలుగురైదుగురు పనిచేసే దుకాణాలలో, కార్ఖానాలలో ఈ నియమాలకు ప్రాముఖ్యం ఎక్కువ. అటువంటి చోట్ల ఫిర్యాదు వినే విభాగమంటూ సాధారణంగా ఉండదు. యజమాని నడవడికయే అక్కడి శాసనం.

ఖురాన్, హదీసులలో

ఈజిప్టు విడిచి మద్యన్ చేరిన మూసా (బైబిలులో మోషే) కథలో ఒక కూలి ఒప్పందం కనిపిస్తుంది. బలమూ నమ్మకమూ గలవాడే మేలైన పనివాడని, అతనిని పనిలో పెట్టుకొమ్మని ఒక యువతి తన తండ్రికి సూచిస్తుంది. ఎనిమిదేళ్ళు పనిచేయాలనీ, పదేళ్ళు పూర్తి చేయడం మూసా ఇష్టమనీ, ప్రతిఫలంగా తన కుమార్తెనిచ్చి వివాహం చేస్తాననీ, అతనిని కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదనీ ఆ తండ్రి ముందే చెబుతాడు (28:26-27). ధర్మశాస్త్రంలో కూలి, అద్దె ఒప్పందాలను 'ఇజారా' అంటారు. తెలుగులో కౌలు, గుత్త అనే అర్థంలో వాడే ఇజారా ఈ మాటయే. పని ఏమిటో, కూలి ఎంతో ఇరువురికీ ముందుగా తెలిసి ఉండాలన్నది దీని ప్రధాన నియమం.

చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ముహమ్మద్ ప్రవక్త ఆదేశం ఇబ్నె మాజా సంకలనంలో ఉన్నది. పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ పలికినట్లు బుఖారీ సంకలనం తెలుపుతున్నది. అందులోనే మరొక కథ కలదు. ఒక కూలివాడు కూలి తీసుకోకుండానే వెళ్ళిపోగా, యజమాని ఆ సొమ్మును వృద్ధి చేసి, ఏళ్ళ తరువాత అతడు తిరిగి వచ్చినప్పుడు దానితో పెరిగిన పశుసంపదనంతా అప్పగించాడు.

అదల్, ఇహ్సాన్

అదల్ అనగా న్యాయం. ఇహ్సాన్ అనగా అంతకు మించిన మేలు. ఖురాన్ (16:90) రెండింటినీ ఆదేశిస్తుంది. ఇమామ్ గజాలీ (మరణం 1111) తన 'ఇహ్యా ఉలూముద్దీన్' గ్రంథంలో జీవనోపాధిని గురించిన భాగంలో న్యాయాన్ని మూలధనంతోను, ఇహ్సాన్‌ను లాభంతోను పోల్చాడు. ఈ పోలిక పనివారి విషయానికి చక్కగా వర్తిస్తుంది. రెండు నెలల జీతం బకాయి పెట్టి రంజాన్‌కు బట్టలు పెట్టే యజమాని, మూలధనం పోగొట్టుకొని లాభం లెక్కించుకునేవాడే.

అఖీ సంఘాలు

13వ శతాబ్దపు అనటోలియాలో (నేటి టర్కీ) చేతివృత్తులవారు 'అఖీ' సంఘాలుగా ఏర్పడ్డారు. కిర్షెహిర్ నగరానికి చెందిన అఖీ ఎవ్రాన్ అనే తోలుపనివాడు వీరికి మూలపురుషుడని ప్రతీతి. సూఫీ శిక్షణ, వృత్తి శిక్షణ ఇక్కడ కలిసి సాగేవి. 14వ శతాబ్దంలో ఆ ప్రాంతం చూసిన ఇబ్న్ బతూతా, యువకులు పగలు పనిచేసి సాయంత్రం తమ సంపాదనను నాయకునికి తెచ్చి ఇచ్చేవారని, దానితో బాటసారులకు భోజనం పెట్టి తామూ కలిసి తినేవారని వ్రాశాడు.

ఉద్యోగ సంతృప్తి

పనివాడు తన శ్రమను, ప్రతిఫలాన్ని తోటివారితో పోల్చి చూసుకుంటాడని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టేసీ ఆడమ్స్ 1963లో ప్రతిపాదించాడు. తరువాతి పరిశోధకులు పంపకంలో న్యాయం, నిర్ణయ పద్ధతిలో న్యాయం, మర్యాదలో న్యాయం అని విడదీశారు. చిన్న దుకాణంలో ఈ పోలిక మరీ సులభం. పక్కవాని జీతం అందరికీ తెలుసు. యజమాని మేనల్లుడు ఎన్ని గంటలకు వస్తాడో కూడా తెలుసు.

ఇస్లామీయ శ్రమనీతిని కొలిచే ప్రశ్నావళిని అబ్బాస్ అలీ 1988లో ప్రచురించాడు. దానితో దర్వీష్ యూసుఫ్ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జరిపిన అధ్యయనం (2001) ఈ నీతికీ ఉద్యోగ సంతృప్తికీ సంబంధం ఉన్నదని చూపింది. అయితే ఈ ప్రశ్నావళి కొలిచేది సమాధానమిచ్చేవాని విశ్వాసాన్నే గాని, అతని యజమాని నడవడిని కాదు. భక్తిగల పనివాడు సహనం (సబ్ర్) వహించినంత మాత్రాన కూలి బాకీ తీరదు. పైన చెప్పిన హదీసులలో హెచ్చరిక యజమానికే గాని కూలివానికి కాదు.

చట్టాలలో

ఇండోనేషియాలో పండుగ భత్యం యజమాని దయ కాదు. 2016 నాటి మంత్రిత్వశాఖ నిబంధనల ప్రకారం ఏడాది సర్వీసు పూర్తయినవారికి ఒక నెల జీతం, అంతకు తక్కువైనవారికి దామాషా ప్రకారం, పండుగకు కనీసం ఏడు రోజుల ముందు చెల్లించాలి. ఇతర మతాలవారికి వారి పండుగకు ఇస్తారు.

గల్ఫ్ దేశాలలో జీతాల ఎగవేత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వలస కార్మికులకు తెలిసిన బాధయే. జీతం బ్యాంకుల వంటి సంస్థల ద్వారానే చెల్లించి ప్రభుత్వానికి లెక్క చూపే వేతన రక్షణ విధానాన్ని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2009లో, సౌదీ అరేబియా 2013లో, కతార్ 2015లో ప్రవేశపెట్టాయి. ఇళ్ళలో పనిచేసేవారు మొదట దీని పరిధిలోకి రాలేదు.