ఎవరికీ అక్కర్లేని బ్యుటనాల్

మొదటి ప్రపంచయుద్ధం ముదిరేసరికి బ్రిటిష్ నౌకాదళానికి ఎసిటోన్ కరువొచ్చింది. ఫిరంగి గుండ్లను తోసే కార్డైట్ మందు తయారీకి ఆ ద్రావకం తప్పనిసరి. కట్టెలను బట్టీల్లో వేసి దాన్ని రాబట్టే పాత పద్ధతి యుద్ధానికి చాలలేదు. మాంచెస్టర్‌లో రసాయనశాస్త్రం చెప్పే ఖైమ్ వైజ్‌మన్ దగ్గర అప్పటికే ఒక బ్యాక్టీరియా ఉంది: క్లాస్ట్రీడియం అసిటోబ్యుటిలికమ్. గాలి సోకని చోట మొక్కజొన్న పిండిని పులియబెట్టి ఎసిటోన్ ఇస్తుంది. 1917లో మొక్కజొన్నకు ఇబ్బందవుతుంటే బ్రిటన్ ప్రభుత్వం బడిపిల్లలచేత హార్స్ చెస్ట్‌నట్ కాయలు ఏరించింది. ఎందుకో మాత్రం వాళ్లకు చెప్పలేదు. వైజ్‌మన్ తర్వాతి కాలంలో ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడయ్యారు.

తమాషా ఏమిటంటే, ఆ బ్యాక్టీరియా మూడు పాళ్లు ఎసిటోన్ ఇస్తే ఆరు పాళ్లు బ్యుటనాల్ అనే ఆల్కహాల్ ఇచ్చేది. సూక్ష్మజీవులు దాన్ని చేయగలవని 1861లోనే పాశ్చర్ గమనించినా, యుద్ధకాలంలో దాన్ని అడిగిన నాథుడు లేడు. యుద్ధం ముగిశాక అమెరికాలో కార్ల రంగుల కంపెనీలు దాని కోసం ఎగబడ్డాయి. ఈసారి ఎసిటోన్ మిగులు సరుకైంది. చివరికి చౌక పెట్రోలియం వచ్చి ఆ కర్మాగారాల్లో చాలావాటిని మూయించింది.

విమానాల వాళ్ల కన్ను ఈ బ్యుటనాల్ కుటుంబం మీద పడటానికి కారణం కార్బన్ లెక్క. కిరోసిన్‌లాంటి జెట్ ఇంధనంలో ఒక్కో అణువుకు సుమారు 8 నుంచి 16 కార్బన్లుంటాయి. నాలుగు కార్బన్ల ఐసోబ్యుటనాల్ నుంచి నీటిని తీసేసి, మిగిలిన అణువులను మూడేసి కలిపితే పన్నెండు. పైన హైడ్రోజన్ పట్టిస్తే విమానానికి పనికొస్తుంది.

కానీ జన్యువులు మార్చబోతే క్లాస్ట్రీడియం మాట వినే రకం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజలెస్ శాఖలో జేమ్స్ లియావో బృందం 2008లో ప్రయోగశాలల పాత కాపు ఈ.కోలైని తీసుకుంది. అది గ్లూకోజ్ తిని తన అవసరానికి వాలీన్ అనే అమైనో ఆమ్లం చేసుకుంటుంది. ఆ దారి మధ్యలో తయారయ్యే పదార్థాన్ని వాళ్లు పక్కకు మళ్లించారు. అందుకు వాడిన ఒక జన్యువు మజ్జిగను పులియబెట్టే లాక్టోకాకస్‌ది, మరొకటి ఈస్ట్‌ది. సిద్ధాంతరీత్యా రాగలిగినంతలో 86 శాతం ఐసోబ్యుటనాల్ వచ్చింది. ఇక్కడే చిక్కు: ఎక్కువైతే ఆ సరుకే బ్యాక్టీరియాకు విషం.

వ్యాపారానికి దిగిన గీవో సంస్థ ఈస్ట్‌ను ఎంచుకుంది. ఆల్కహాల్ నుంచి తీసిన ఈ ఇంధనాన్ని మామూలు జెట్ ఇంధనంలో 30 శాతం దాకా కలపడానికి 2016లో అనుమతి దొరికింది. ఆ జూన్‌లో సియాటిల్ నుంచి అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానాలు మొక్కజొన్న చక్కెరల ఇంధనం కలుపుకుని ఎగిరాయి. తిండిగింజలను ట్యాంకులో పోస్తారా అన్న విమర్శ సహజమే. నవంబర్‌లో వాషింగ్టన్ డీసీకి వెళ్లిన విమానంలో మాత్రం కలిపింది, చెట్లు కొట్టాక అడవిలో మిగిలిన కొమ్మారెమ్మల చక్కెరతో చేసిన ఇంధనం.