పెట్టని అడగాలిరా

ఆ మొద్దు ఇంకాస్త లోపలికి తొయ్యరా, పొగ ఇటు కొడుతోంది. నాటుకోళ్లు పెంచుతానని పొద్దున మీ నాన్నతో అంటుంటే విన్నాన్లే. ఎంత సంతోషమేసిందో! మన పెరట్లో కోడికూత వినపడి చాలా ఏళ్లయింది. కానీ నువ్వు అడిగిందంతా పుంజు గురించే. డేగ మంచిదా కాకి మంచిదా, అసీలు పుంజు ఎంతకొస్తుంది అని. పుంజుదేముంది నాయనా, డబ్బు పెడితే భీమవరంలోనూ దొరుకుతుంది, సంతలోనూ దొరుకుతుంది. జాతి నిలబడేది పెట్ట దగ్గర. ఆ పెట్టని మాత్రం ఎవరూ అమ్మరు.

మీ తాతయ్యా, ఆయన నేస్తాలూ సంక్రాంతి ముందు ఇలాగే మంటేసుకుని కూర్చునేవారు. ఎర్ర ఈకలుంటే డేగ, నల్లగా ఉంటే కాకి, తెల్లగా ఉంటే సేతువ, రెక్కల మీదా వీపు మీదా పసుపు తిరిగితే నెమలి, బంగారు ఛాయైతే అబ్రాసు. కుక్కుట శాస్త్రం ముందేసుకుని ఏ రోజు ఏ రంగుకి జయమో తెల్లవార్లూ తేల్చేవారు. పల్నాట నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ జరిగిన పందెం కథ వాళ్ల నోటే విన్నాను. ఎన్నిసార్లు విన్నా ఆ పుంజుని పొదిగిన పెట్ట ఊసు రాలేదు, పిల్లప్పుడు దానికి నూకలు వేసిన ఆడమనిషి ఊసూ రాలేదు. కాలికి కత్తి కట్టడం నాకు ఏనాడూ నచ్చలేదురా. జంతువుల్ని హింసించకూడదని 1960లోనే చట్టం వచ్చింది. చట్టం సంగతలా ఉంచు, ఏడాది పైన కళ్లలో పెట్టుకు సాకినదాన్ని ఒక్క పూటలో పోగొట్టుకోవడానికి చేతులెలా వస్తాయి?

మా అమ్మది అడ్డతీగల దారిలో మెట్ట ఊరు. ఆ చుట్టుపక్కల ఏజెన్సీ పల్లెల్లో వాటా అని ఉండేది. కొత్త కాపురం పెట్టిన పిల్లకో, తెగులుకి కోళ్లన్నీ పోగొట్టుకున్నావిడకో ఒక పెట్టని ఇచ్చేవారు. డబ్బు లేదు, కాగితం లేదు. అది పొదిగి తీసిన పిల్లలు పెరిగాక ఇచ్చినావిడకి సగం, సాకినావిడకి సగం. ఇందులో గొప్ప ఏంటో తెలుసా? మన గూట్లో కొక్కెర తెగులు దూరి మొత్తం తుడిచిపెట్టేసినా, మన పెట్ట కూతుళ్లు నాలుగు ఊళ్లలో నాలుగు ఇళ్లలో బతికే ఉంటాయి. వెళ్లి ఒకదాన్ని తెచ్చుకుంటే మన జాతి మళ్లీ మన పెరట్లో ఉంటుంది. ఆడ పశువైద్యులు పెట్టుకున్న అంత్ర అనే సంస్థ వాళ్లు తర్వాత్తర్వాత తూర్పు గోదావరి ఏజెన్సీలో తిరిగి ఈ పద్ధతంతా రాసుకున్నారు. అంతరించిపోతున్న అసీలు కోళ్లని మళ్లీ ఆ వాటా మీదే ఆడవాళ్ల చేతికి ఇప్పించారు. ఎంత మంచి పని చేశారో!

పెట్టని ఎలా చూడాలో చెప్తా, విను. పుంజు గుణం ఎదురుగా కనిపిస్తుంది, మెడ పొడుగు, కాలి ఎముక లావు, ఒంటికి అంటుకున్న పొట్టి ఈక, నెత్తి మీద చిన్న తురాయి. పెట్టలో ఇదంతా సగం సగమే బయటపడుతుంది. అందుకని దాన్ని చూసి ఊరుకోకూడదు, దాని అన్నదమ్ముల్ని చూపించమనాలి. తల్లి ఎన్ని పిల్లల్ని తీసి ఎన్నింటిని నిలబెట్టిందో అడగాలి. గద్ద కిందికి దిగితే ఎదురెగిరే తల్లేనా, పిల్లల్ని వదిలేసి గూట్లోకి పరుగెత్తే తల్లా? ఆ సంగతి ఊళ్లో పిల్లల్ని అడిగినా చెప్తారు.

అసీలు పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది. విడతకి పదో పన్నెండో పెట్టి పొదుగుకొచ్చేస్తుంది. మా అమ్మ వెడల్పు గంపలో ఊక పోసి, మీద మెత్తటి గడ్డి పరిచి, ధాన్యం గది మూల చీకట్లో పెట్టేది. ఉరుములకి గుడ్లు చెడతాయని ఒక ఇనుప మేకూ, బొగ్గుముక్కా, రెండు ఎండు మిరపకాయలూ అంచున దోపేది. వారం దాటాక రాత్రిపూట ఒక్కో గుడ్డునీ లాంతరు ముందు పట్టేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. లోపల ఎర్రటి నరాలు సన్నగా చీలి కనిపిస్తే పిల్ల కట్టినట్టు. ఖాళీగా మెరిస్తే తీసి పక్కన పెట్టేయడమే, ఉంచితే మురిగి పగులుతుంది. బాగా బరువున్న పెట్టైతే కాళ్ల కింద గుడ్లు నలుగుతాయని, ఆ గుడ్లని తేలికపాటి నాటుపెట్ట కింద పెట్టేది. 21 రోజులకి పెంకు చిట్లేది. చివరి మూడు రోజులూ గుడ్లని కదపనిచ్చేది కాదు, ఆ గదిలోకి మమ్మల్ని రానిచ్చేదే కాదు.

పిల్లలకి నూకలు సరిపోవు, పురుగు పడాలి. ఓ పాత కుండలో ఎండు పేడ, తడిపిన గడ్డి కుక్కి సాయంత్రం పుట్ట పక్కన బోర్లించి వస్తే తెల్లారేసరికి చెదలు నిండిపోయేవి. కుండ దులిపితే పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఎగబడేవి. ఆ చెదపురుగుల బలం సంచుల దాణాలో ఉందంటే నేను ఒప్పుకోను.

తర్వాత సర్కారు వాళ్లు ఊళ్లలో సీమ పుంజుల్ని పంచారు, రోడ్ ఐలాండ్ రెడ్, వైట్ లెగ్‌హార్న్ అని. మన పెట్టల మీద వదిలితే గుడ్లు ఎక్కువ పెడతాయన్నారు. పెట్టాయి, కాదనను. కానీ వాటి కూతుళ్లకి పొదుగు బుద్ధి తగ్గిపోయింది. గుడ్డు పెట్టి లేచిపోయేవి. ఇప్పుడు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల వనరాజా, గ్రామప్రియ కూడా అంతే. గుడ్లూ మాంసం అమ్ముకునే ఇంటికి అవి మంచివే. కానీ పొదగవు, కొత్త పిల్లలు కావాలంటే మళ్లీ కొనాల్సిందే. నీకు కావాల్సింది వంశం నిలబెట్టుకోవడం కదా, ఆ దారి నీకు కాదు.

పశువుల డాక్టరు మీ బాబాయి ఓసారి చెప్తే ఆశ్చర్యపోయాను. 19వ శతాబ్దంలో మన అసీళ్లని ఇంగ్లండు పట్టుకుపోయి కార్న్‌వాల్‌లో అక్కడి కోళ్లతో కలిపారట. అలా వచ్చిన కార్నిష్ జాతే ఇవాళ్టి బ్రాయిలర్‌కి తండ్రి వైపు మూలమట. ఊరూరా కొట్లో కోసే ఆ తెల్లకోడి ఒంట్లోనూ మన పెట్ట రక్తం ఉందన్నమాట. హర్యానా కర్నాల్‌లో దేశం మొత్తం పశుజాతుల లెక్క ఉంచే సంస్థ ఉంది. ఆ పట్టికలో మన వైపు నుంచి అసీలుతో పాటు కాళహస్తి, డంకి, ఘాగస్ కూడా ఉన్నాయన్నాడు. అసీలు పేరు అందరికీ తెలుసు. తక్కిన మూడింటి పేర్లు మన ఊళ్లో ఎంతమందికి తెలుసు? విజయనగరం వైపు నీ స్నేహితుడున్నాడుగా, డంకి పెట్ట గురించి వాళ్లమ్మగారిని అడిగి చూడు.

ఫోన్లో బొమ్మ చూసి పిల్లల్ని తెప్పించకు. కడక్‌నాథ్‌ది మధ్యప్రదేశ్‌ ఝాబువా. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పట్నుంచి నల్లగా ఉన్న ప్రతి సంకరాన్నీ ఆ పేరుతో అంటగడుతున్నారు. చిలకముక్కు కోళ్లు చూడముచ్చటే. దిండిగల్ వైపు వాటికి అందాల పోటీలు కూడా పెడతారు. అయితే వాటి ధరలో సగం మాటలకే పోతుంది. ఎక్కడ తీసుకున్నా తల్లిని కళ్లతో చూడకుండా పిల్లని తీసుకోకు.

తెచ్చాక వెంటనే గూట్లో కలపకు, కొన్నాళ్లు విడిగా కట్టు. కొక్కెర తెగులుకి పిల్ల పుట్టిన ఏడో రోజున కంట్లో లసోటా చుక్క, 8 వారాలకి ఆర్‌టుబి సూది. మా అమ్మకి ఇవి లేవు. పచ్చగా పారి, మెడ మెలి తిరిగి పోతుంటే ఊరికే చూస్తూ కూర్చునేది. నీకున్నాయి, నిర్లక్ష్యం చెయ్యకు. ఇంకోటి, పుంజుని దాని కూతుళ్ల మీద వదలకూడదు. రెండేళ్లకోసారి వేరే ఊరి పుంజుని తెచ్చుకోవాలి, నీది వాళ్లకివ్వాలి.

పండగ వెళ్లనీ. అప్పుడు మా పుట్టింటి ఊరెళ్లు, మా తమ్ముడి కోడలి దగ్గర ఆ జాతి ఇంకా ఉంది. డబ్బు తియ్యకు, నొచ్చుకుంటుంది. నేను పంపించానని చెప్పి, ఒక పెట్టని వాటాకివ్వమని అడుగు. ఇస్తే తొలి పొదుగులో బాగా ఎదిగిన పెట్టపిల్లని ముందు ఆవిడకి చేర్చు, ఆ తర్వాతిది మన గూట్లో ఉంచు.